బలం నిండుగా, బొమ్మ సున్నా

మార్చి 3, సోమవారం

డాక్టరు నన్ను ఇక నిచ్చెన ఎక్కొద్దన్నాడు. నా మోకాలు చూసి కాదు, మా ఆవిడ మొహం చూసి. నేను బల్ల మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే వాళ్ళిద్దరూ నా తలమీదుగా మాట్లాడుకున్నారు. "ఇకమీదట నేలమీదే ఉండమనండి." "నేను చూసుకుంటాగా డాక్టరుగారూ." నేనేదో తప్పిపోయి దొరికిన మేకనైనట్టు. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో కనిపించిన ప్రతి కప్పూ ఎక్కి టీవీ యాంటెన్నాలు బిగించినవాణ్ణి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఇంకో మెట్టు ఉందనుకుని కాలు కిందికి పెట్టాను. లేదు. దానికింత రాద్ధాంతం.

ఇంటికొచ్చేసరికి మా అమ్మాయి నిచ్చెనలన్నీ గొలుసుతో కట్టి తాళం వేస్తోంది. మూడేళ్ళు నా దగ్గరే పని నేర్చుకుంది, ఇప్పుడు నాకే తాళం. "ఎక్కే పని నాది నాన్నా. ఆఫీసు నువ్వు చూసుకో," అంది. ఆఫీసంటే మా వీధి గది. ఒక బల్ల, ఒక ఫోను, తిరగాలా వద్దా అని ఆలోచించే ఫ్యాను.

ఈ డైరీ కొన్నది జనం ఫిర్యాదులు రాసుకోడానికి. వాటికి ఫోన్లోనే ఏదో ఉందట, అమ్మాయి చెప్పింది. సరే, ఇందులో నా ఫిర్యాదులు రాసుకుంటాను.

మార్చి 5, బుధవారం

పొద్దుటినుంచి పదహారు ఫోన్లు. పదహారింటికీ ఒకటే జబ్బు: నిన్నటిదాకా వచ్చిన ఛానళ్ళు ఇవాళ లేవు. టవరువాళ్ళు తరంగం మార్చారు, అంతే. టీవీ ఇంకా పాత చోటే వెతుక్కుంటోంది. రిమోట్ తీసుకుని, సెట్టింగుల్లోకి వెళ్ళి, ఛానళ్ళన్నీ మళ్ళీ వెతికించండీ అని పదహారుసార్లు చెప్పాను. ఒకావిడ "వెతుకుతోందండీ, ఉండండి," అని లైన్లోనే ఉండిపోయి, ఈలోగా కోడలి మీద ఫిర్యాదులన్నీ వినిపించింది. వాటికి ఈ వైద్యం పనిచేయదని చెప్పాను.

మార్చి 8, శనివారం

అమ్మాయి నన్ను వెంటబెట్టుకెళ్ళింది, నిచ్చెన కింద పట్టుకోడానికి. టవరుకి కూతవేటు దూరంలో ఉన్న ఇల్లు. బొమ్మ గళ్ళుగళ్ళుగా చెదిరిపోతోంది, మాటలు మధ్యలో మింగేస్తోంది. సిగ్నల్ పెంచే బూస్టర్లు అప్పటికే రెండున్నాయి, ఇంటాయన మూడోది కొనడానికి చెప్పులేసుకుంటున్నాడు.

అమ్మాయి రెండూ పీకేసింది. వాటి బదులు చిటికెనవేలంత ముక్క ఒకటి కేబులుకి బిగించింది. అది సిగ్నల్‌ని పెంచేది కాదు, తగ్గించేది! బొమ్మ శుభ్రంగా వచ్చేసింది. "చెవి దగ్గరకొచ్చి అరిస్తే మాట అర్థం కాదు కదండీ, టీవీకీ అంతే," అని ఆయనకి చెప్పింది. ఆయన నావైపు చూశాడు. ఆ రెండు బూస్టర్లలో ఒకటి ఆరేళ్ళ కిందట నేను పెట్టింది.

సిగ్నల్ తగ్గించి బొమ్మ తెప్పించడం! మా రోజుల్లో బొమ్మ సరిగ్గా లేకపోతే యాంటెన్నా పైకి లేపేవాళ్ళం, అప్పటికీ లేకపోతే బూస్టరు పెట్టేవాళ్ళం, అప్పటికీ లేకపోతే ఇంకోటి. తెరంతా చుక్కలు కురిసినా ఆ చుక్కల్లోంచే మనిషి మొహం పోల్చుకునేవాళ్ళం. ఈ డిజిటల్‌కి ఆ మొహమాటం లేదు. సిగ్నల్లో కాస్త పోతే లెక్కలు కట్టి తనే పూరించుకుంటుంది, పైకి తెలియనివ్వదు. ఇంకాస్త పోతే ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. ముందుగా చెప్పడమంటూ ఉండదు.

మార్చి 9, ఆదివారం

అమ్మాయి పెద్ద బిల్డింగు పని పూర్తిచేసింది. మా వీధి చివర ఏడంతస్తులు, నలభై ఎనిమిది ఫ్లాట్లు. టెర్రస్ మీద ఒకే యాంటెన్నా, అక్కణ్ణుంచి అందరి గోడల్లోకీ కేబుళ్ళు. తనంతట తాను చేసిన మొదటి పెద్ద పని. మూడు వారాలు చూస్తారట. ముప్ఫయ్యో తారీఖు ఆదివారం టెర్రస్ మీద మీటింగు పెట్టి, బాగుందంటే బిల్డింగు బాధ్యత ఆమెకి రాసిస్తారు. ఆ వరసలో ఇంకో నాలుగు బిల్డింగులు అదే చూసి నిర్ణయించుకుంటాయి. బాగోలేదంటే పక్కవీధి యాంటెన్నాల వాడికి పోతుంది. వాడు తన వ్యాను మీద తనే 'సిగ్నల్ సింహం' అని రాయించుకున్నాడు. నేనైతే నవ్వేవాణ్ణి, కానీ వాడికి నాకంటే ఎక్కువ ఫోన్లు వస్తాయి.

నలభై ఎనిమిది జాయింట్లు. ఒక్కోటీ చూశాను. ఒక్క దాంట్లోనూ వంక పెట్టడానికి దొరకలేదు. చాలాసేపు వెతికాను కూడా.

మార్చి 11, మంగళవారం

ఎదురింటి టైలరు వచ్చి ఆఫీసులో కూర్చున్నాడు. మాకు చుట్టరికం లేదు, అయినా ముప్ఫయ్యేళ్ళుగా బావా అనే పిలుస్తాడు. "నీ పనైపోయింది బావా. ఇప్పుడంతా అమ్మాయిదే," అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. ఒకప్పుడు కొండవతల టవరు బొమ్మని ఈ వీధికి పట్టుకొచ్చింది ఎవరని అడిగాను. "నువ్వే. ఇప్పుడు పట్టుకురా చూద్దాం," అన్నాడు.

అప్పుడే వచ్చిన అమ్మాయి విని తలడ్డంగా ఊపింది. "కొండ అడ్డం నాన్నా. అప్పుడంటే చుక్కల్లో చూసేవాళ్ళు. డిజిటల్లో సగం రావడం ఉండదు."

ఉండదట. చూద్దాం.

మార్చి 12, బుధవారం

మా ఆవిడ రోజూ నాలుగింటికి స్నేహితురాళ్ళతో నడకకి వెళ్తుంది, ఆరింటికి వస్తుంది. మేడ మీదికి మెట్లున్నాయి, మెట్లు నిచ్చెన కాదు. మేడ మీద సామాన్ల గది ఉంది, దాని కప్పు మీద పాత యాంటెన్నా స్తంభం ఉంది. అక్కడికి ఆరు మెట్ల స్టూలు చాలు. స్టూలు కూడా నిచ్చెన కాదు.

ట్రంకు పెట్టెలో నా బూస్టరు దొరికింది. పాతికేళ్ళ కిందట నా చేత్తో నేనే కట్టింది. రేకు డబ్బా మూత ఎక్కడో పోయింది, లోపల సరుకు భేషుగ్గా ఉంది. యాంటెన్నా కొండవైపు తిప్పాను. మోకాలు ఏమీ అనలేదు. అన్నా నేను వినలేదు.

మార్చి 13, గురువారం

వచ్చింది!

నాలుగూ పదికి స్విచ్ వేశాను. ఐదూ ఇరవైకి, సామాన్ల గదిలో పాత టీవీలో, కొండవతలి స్టేషను. ఎవరో ఆవిడ మొక్కల కుండీల గురించి చెబుతోంది. నాలుగు నిమిషాలు. ఒక్క గడి కూడా చెదరలేదు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, మొక్కల కుండీలంటే నాకేమీ ఇష్టం లేకపోయినా. తర్వాత పోయింది. టైలర్ని పిలిచి చూపించాలంటే కనీసం పది నిమిషాలు నిలవాలి.

కిందికొచ్చేసరికి ఫోను మోగుతోంది. వీధిలో ఐదిళ్ళు, బిల్డింగులో ఆరు ఫ్లాట్లు. బొమ్మ గళ్ళుపడి ఆగిపోయిందట. ఆరు కావస్తుండగా దానంతట అదే బాగుపడిందట. వాతావరణం అని చెప్పాను.

మార్చి 14, శుక్రవారం

నాలుగు నుంచి ఆరు దాకా పైన. ఏమీ రాలేదు. ఫిర్యాదులు పద్దెనిమిది.

మార్చి 15, శనివారం

ఫిర్యాదులు ఇరవై మూడు. అందులో ఒకటి మా ఆవిడది. తన మోకాలు కూడా సలుపుతోందని ఇవాళ నడకకి వెళ్ళలేదు, అయినా నేను "పాత సామాన్లు సర్దుకుంటాను," అని పైకెళ్ళాను. ఆవిడ సీరియల్లో పెళ్ళికూతురు ముసుగు తీసే సమయానికి బొమ్మ ఆగిపోయింది. "యాంటెన్నాల ఇంట్లో ఉండి కూడా నాకు ఆ పిల్ల మొహం తెలియలేదండీ!" అని భోజనాల దాకా పోరింది.

ఇదంతా కొత్తగా పెట్టిన ఫోన్ టవరు పనే. ఆ తరంగాలు ఈ తరంగాల్లో పడతాయి. అమ్మాయికి చెప్పాను.

మార్చి 17, సోమవారం

అమ్మాయి బిల్డింగు యాంటెన్నాకి ఫోన్ టవరుని అడ్డగించే ఫిల్టరు పెట్టింది. నాలుగూ ఐదుకి మళ్ళీ పోయింది. మీటరు తెచ్చి అప్పటి అంకెలు నాకు చూపించింది. "చూడు నాన్నా. సిగ్నల్ బలం నిండుగా ఉంది. నాణ్యత సున్నా. దూరం వల్లో, కేబుల్లో నీళ్ళు దిగడం వల్లో పోతే బలం కూడా తగ్గాలిగా. అంటే మన సిగ్నల్ తగ్గలేదు. ఇంకెవరో ఆ తరంగం మీదే కూర్చుని అరుస్తున్నారు."

ఒక్కో తరంగం మీద ఏడెనిమిది ఛానళ్ళు కట్టగట్టి పంపిస్తారు. ఆ కట్ట పోతే ఎనిమిదీ పోతాయి. అందులోనే సీరియల్ ఉంది, అందులోనే వార్తలున్నాయి, సెక్రటరీగారి క్రికెట్టూ ఉంది. సెక్రటరీగారు బిల్డింగు పెద్ద, రిటైరైన హెడ్మాస్టరు. ఇవాళ అమ్మాయిని మెట్ల మీద నిలబెట్టి, "పదమూడు రోజులు టైముంది మీకు," అన్నాడట. తొమ్మిదో తరగతి పిల్లకి చెప్పినట్టు.

ఎవరై ఉంటారు అని అడిగింది నన్ను. వెల్డింగు షాపేమో అన్నాను.

మార్చి 18, మంగళవారం

అమ్మాయి నాలుగింటికి బిల్డింగులో కాపు కాసింది. నన్ను ఫోను దగ్గర్నుంచి కదలొద్దంది. కదల్లేదు. ఒక్క ఫిర్యాదూ రాలేదు.

యాదృచ్ఛికం.

మార్చి 19, బుధవారం

నాలుగున్నరకి పైకెళ్ళాను. మొక్కల కుండీలావిడ రెండు నిమిషాలు కనిపించింది. ఫిర్యాదులు ఇరవై ఆరు.

ఇదీ యాదృచ్ఛికమే.

మార్చి 20, గురువారం

మా ఆవిడ నా ప్యాంటు ఉతకబోతూ మోకాలి దగ్గర సున్నం చూపించింది. "పైన ఏం చేస్తున్నారు?" "సర్దుతున్నానుగా." "వారం రోజులుగా సర్దుతున్నారు, చిత్తుకాగితం కూడా కిందికి రాలేదే."

మూత లేని రేకు డబ్బా. లోపల పెంచిన సిగ్నల్ బయటికి కారుతుంది. కారింది మళ్ళీ యాంటెన్నాలోకి దూరి, మళ్ళీ పెరిగి, మళ్ళీ కారి, చివరికి బూస్టరే ఒక టవరైపోయి కూర్చుంటుంది. ఇది ఎవరికైనా తెలుసు. నేను చేరిన మొదటి నెలలోనే నేర్చుకున్నాను. కానీ నాది అలాంటి డబ్బా కాదు. నేనే కట్టాను కదా.

మార్చి 21, శుక్రవారం

ఏం చేశానో రాసుకోవాలి. రాయకపోతే రేపటికి ఇంకోలా గుర్తుంటుంది.

నాలుగూ పదికి పైన ఉన్నాను. కింద స్కూటరు హారను. "నాన్నా, తొందరగా రా! ఇప్పుడే మొదలైంది, ఇవాళ వాణ్ణి పట్టేస్తా!" కంగారుగా దిగాను. స్విచ్ ఆపానో లేదో గుర్తులేదు. ఆపలేదు.

వీధి మధ్యలో కరెంటు స్తంభానికి నిచ్చెన వేసింది. పైన నిలబడి ఒక చేత్తో స్తంభం, ఒక చేత్తో పొడుగాటి యాంటెన్నా పట్టుకుని అన్నివైపులా తిప్పుతుంది. దాని కేబులు కింద మీటరుకి. మీటరు నా ఒళ్ళో. ఆమె తిప్పుతుంది, నేను బలం అంకె చదవాలి. అంకె ఎటు పెరిగితే దొంగ అటున్నట్టు.

"స్కూలు వైపు?"

"ఇరవై ఐదు."

"వెల్డింగు షాపు వైపు?"

"ఇరవై రెండు."

"మనింటి వైపు?"

నలభై. యాభై ఐదు. అరవై ఎనిమిది. అంకె అక్కడే నిలబడింది, నన్నే చూస్తున్నట్టు. అమ్మాయి పైనుంచి, "ఎంత నాన్నా?" అంది.

"ముప్ఫై ఒకటి," అన్నాను.

"సరిగ్గా చూడు."

"ముప్ఫై ఒకటే తల్లీ."

మళ్ళీ మొదటినుంచి తిప్పింది. వెల్డింగు షాపు వైపు రాగానే నా నోరు దానంతట అదే, "ఆగాగు! యాభై నాలుగు!" అంది. ఎందుకన్నానో నాకే తెలియదు. ఏదో ఒకవైపు దొంగ ఉండాలి కదా, అందుకని.

చరచరా దిగి వెల్డింగు షాపుకెళ్ళింది. వెనకాలే నేనూ కుంటుకుంటూ వెళ్ళాను. తాళం. వెల్డరు సోమవారమే అత్తగారింటికి వెళ్ళాడని పక్కకొట్టువాడు చెప్పాడు. కరెంటు మీటరు కూడా తిరగడం లేదు. అమ్మాయి ఆ తాళం లాగి చూసింది.

"సరిగ్గానే చదివావా నాన్నా?"

"మీటరు అబద్ధం చెప్పదుగా," అన్నాను. ఇంటికి రాగానే పైకెళ్ళి స్విచ్ ఆపేశాను.

ఛీ.

మార్చి 22, శనివారం

పొద్దున్నే బూస్టరు పీకేసి ట్రంకులో పెట్టాను. యాంటెన్నా దించేశాను. సాయంత్రం వీధంతా ప్రశాంతం. ఒక్క ఫోను లేదు. మా ఆవిడకి పెళ్ళికూతురి మొహం తెలిసింది, బాగోలేదట.

సమస్య తీరిపోయింది. తీరిపోయాక ఇంకొకరికి చెప్పాల్సిన అవసరమేముంది? ఎనిమిది రోజులు బొమ్మ బాగుంటే ముప్ఫయ్యో తారీఖున సంతకం పెట్టేస్తారు. అందరూ సుఖం.

మార్చి 24, సోమవారం

సుఖం లేదు. సెక్రటరీగారు మా ఆఫీసుకే వచ్చాడు. "మీ అమ్మాయి చేసిన తప్పేదో గుట్టుచప్పుడు కాకుండా సరిదిద్దుకున్నట్టుంది. మంచిదే. కానీ ఏమిటా తప్పు అంటే చెప్పదు. మళ్ళీ రాదని ఏమిటి నమ్మకం? మా సభ్యులు ఆ సింహాన్ని కూడా పిలుద్దామంటున్నారు," అన్నాడు. తప్పు ఆమెది కాదండీ అన్నాను. మరి ఎవరిది అన్నాడు. ఫ్యాను వైపు చూశాను.

మార్చి 26, బుధవారం

మధ్యాహ్నం భోజనానికి అమ్మాయి రాలేదు. మా ఆవిడ క్యారేజీ ఇచ్చి పంపించింది. బిల్డింగు నాలుగో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఉంది. చుట్టూ కేబుల్ ముక్కలు. నలభై ఎనిమిది జాయింట్లూ కోసి మళ్ళీ కడుతోంది. అప్పటికి ముప్ఫై మూడు అయ్యాయి. వేళ్ళకి రెండుచోట్ల ప్లాస్టరు.

"ఇవన్నీ బాగానే ఉన్నాయిగా అమ్మలూ," అన్నాను.

"బాగానే కనిపిస్తున్నాయి. కానీ నాన్నా, నువ్వు చదివిన అంకెల ప్రకారం వెల్డింగు షాపు వైపు తప్ప బయట ఎక్కడా దొంగ లేడు. ఆ షాపు మూసుంది. అంటే దొంగ ఈ బిల్డింగులోనే ఉండాలి. మధ్యాహ్నం ఎండకి ఏదో జాయింటు వదులై, మన సిగ్నలే బయటికి కారి వీధి మొత్తాన్ని పాడుచేస్తోందేమో. అందుకే నాలుగింటికి. శనివారం నుంచి మబ్బుగా ఉంది కాబట్టి ఆగింది. ఇంతకంటే ఇంకేం తట్టడం లేదు."

తర్కం శుభ్రంగా ఉంది. నా అబద్ధపు అంకెలు రెండూ తీసేస్తే.

ఒక జాయింటు కోసి, వెలుతురుకి పెట్టి, తిప్పితిప్పి చూసింది. అది నేను జన్మలో కట్టలేనంత బాగా కట్టిన జాయింటు. "ఇందులోనూ ఏమీ లేదు. నాకు కనిపించని తప్పు నేనే ఎక్కడో చేస్తున్నాను నాన్నా," అంది. సెక్రటరీగారికి కూడా అదే చెప్పేసిందట, తప్పు తనదే అయ్యుండొచ్చని.

క్యారేజీ అక్కడ పెట్టి వచ్చేశాను. నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

మార్చి 27, గురువారం

చెప్పేద్దామని వెళ్ళాను. అన్నం తింటోంది. తినేటప్పుడు ఎందుకని ఆగాను.

మార్చి 28, శుక్రవారం

ఇవాళా తింటోంది.

మార్చి 29, శనివారం

ఇవాళ తినడం లేదు. అయినా చెప్పలేదు.

రేపు మీటింగులో ఏం చెబుతావని మా ఆవిడ అడిగితే, "కారణం తెలియలేదని చెబుతా. ఆ సింహానికి ఇచ్చుకోమంటా. కొన్నాళ్ళు ఈ పని మానేసి కేబుల్ కొట్లో చేరతానమ్మా," అంది. మామూలు గొంతుతోనే అంది. ఏడ్చినా బాగుండేది.

మార్చి 30, ఆదివారం

సంచీలో బూస్టరు, దానికో చిన్న యాంటెన్నా పెట్టుకుని బయల్దేరాను. లిఫ్టు ఆరో అంతస్తు దాకానే. అక్కణ్ణుంచి మెట్లు. మోకాలు ప్రతి మెట్టుకీ నన్ను తిట్టింది, నేను కాదనలేదు.

టెర్రస్ మీద కుర్చీలు, ముప్ఫై మంది, అమ్మాయి పెట్టిన యాంటెన్నా, దాని పక్కనే బల్ల మీద పరీక్షకి ఒక టీవీ. మొదటి వరసలో సిగ్నల్ సింహం, ఇస్త్రీ చొక్కాలో. అమ్మాయి నిలబడి, "కారణం నాకు..." అని మొదలుపెట్టింది.

"కారణం నేను," అన్నాను.

సెక్రటరీగారు, "మాట్లాడాలంటే చెయ్యెత్తండి," అన్నాడు. ఎత్తాను. అందరూ చూస్తుండగా సంచీలోంచి డబ్బా తీసి, ఎక్స్‌టెన్షన్ బాక్సుకి తగిలించి స్విచ్ వేశాను.

వార్తలు చదివేవాడి ముక్కు చెవి దగ్గరికి పోయింది. తర్వాత మనిషే గళ్ళుగళ్ళుగా విడిపోయాడు. తర్వాత నల్లతెర. కింద ఫ్లాట్లలోంచి కేకలు. "పోయింది! మళ్ళీ పోయింది!" మూడో అంతస్తు బాల్కనీ నుంచి సెక్రటరీగారి భార్య గొంతు: "ఏమండీ! పైన ఆ పిల్ల ఏదో కెలుకుతోందండీ!"

స్విచ్ తీశాను. బొమ్మ వచ్చింది. ముక్కు ముక్కు దగ్గరే ఉంది.

"ఇంకోసారి వేయండి," అన్నాడు సెక్రటరీగారు. వేశాను. పోయింది. తీశాను. వచ్చింది. మూడోసారి ఆయనే వచ్చి వేశాడు, తీశాడు. ఆయన మొహంలో సంతోషం చూస్తే బహుశా ఉద్యోగం చేసిన రోజుల్లో కూడా ఇంత బాగా ప్రయోగం కుదిరి ఉండదు.

అప్పుడు అంతా చెప్పాను. మేడ, స్టూలు, కొండవతల స్టేషను. స్తంభం దగ్గర చదివిన అంకె కూడా చెప్పాను. అరవై ఎనిమిదిని ముప్ఫై ఒకటన్నాను, తెలిసే అన్నాను, అని. "ఈ బిల్డింగు కేబుళ్ళలో మొదటిరోజు నుంచీ తప్పు లేదు. మా అమ్మాయి కోసేసిన జాయింట్లు నా నలభై ఏళ్ళ పనికంటే మంచివి," అన్నాను. వెనకాల టైలరు, "అయితే బావా, కొండవతల బొమ్మ వచ్చిందా రాలేదా?" అన్నాడు. ముప్ఫై మందీ ఘొల్లుమన్నారు. సిగ్నల్ సింహం అందరికంటే గట్టిగా నవ్వాడు. నలభై ఏళ్ళుగా యాంటెన్నా మాస్టారు అనిపించుకున్నవాణ్ణి, తల కొట్టేసినట్టయింది.

అమ్మాయి నవ్వలేదు. జేబులోంచి కేబులు కోసే కత్తెర తీసి పిట్టగోడ మీద పెట్టి, నావైపు చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

మార్చి 31, సోమవారం

అమ్మాయి తన గదిలోంచి బయటికి రాలేదు. మా ఆవిడ ఆరు మెట్ల స్టూలు టైలరింటికి ఇచ్చేసింది. నాతో అన్నది ఒక్కటే మాట: "మీ మోకాలు విరిగినా బాగుండేదండీ."

సాయంత్రం నేనే అమ్మాయి గదిలోకెళ్ళాను. తినడం లేదు, నిద్రపోవడం లేదు, సాకు ఏమీ దొరకలేదు. తప్పైపోయింది తల్లీ అన్నాను.

"పైకెక్కావని కోపం లేదు నాన్నా. బూస్టరు పెట్టావనీ లేదు. పది రోజులు నా చెయ్యే నాకు చెడ్డదనిపించింది. కత్తెర పట్టుకుంటే భయమేసింది. నువ్వు పక్కనే ఉండి చూస్తూ క్యారేజీ ఇచ్చి వెళ్ళావు." అంతవరకు బాగానే చెప్పి, అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం చెరోవైపు తిరిగి ఏడ్చాం.

ఏప్రిల్ 2, బుధవారం

బిల్డింగు అమ్మాయికే ఇచ్చారు. కాగితం సెక్రటరీగారే తెచ్చాడు. ఒక షరతు రాశాడు: యాంటెన్నా మాస్టారు అను వ్యక్తి టెర్రస్ మీదికి రాకూడదు. అక్షరదోషాలు వెతికాను, లేవు. అమ్మాయి సంతకం పెట్టింది. కత్తెర పిట్టగోడ మీదినుంచి తెచ్చుకుంది.

నాతో రెండు మాటలు మాట్లాడింది. "ఫోన్లు వచ్చాయా?"

ఏప్రిల్ 4, శుక్రవారం

ఇవాళ పనికి రమ్మంది. పాత ఇల్లు, రెండంతస్తులు, యాంటెన్నా గాలికి పక్కకి తిరిగిపోయింది. అమ్మాయి నిచ్చెన మీద, నేను కింద, మీటరు నా చేతిలో. నాణ్యత అంకె చదవాలి. పైనుంచి కొంచెం తిప్పింది.

"ఎంత?"

"పద్దెనిమిది."

ఇంకొంచెం తిప్పింది. "ఎంత?"

"ఇరవై ఆరు." ఇరవై ఆరే. కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చూసి చెప్పాను.

అమ్మాయి ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. నా చేతిలో మీటరు తనవైపు తిప్పుకుని చూసింది. ఇరవై ఆరు. మళ్ళీ ఎక్కి మరలు బిగించింది.

అంకె అడిగిన ప్రతిసారీ అంతే. ఇవాళ నాలుగుసార్లు దిగింది. ప్రతిసారీ నేను చెప్పిందే ఉంది. నాకు ఒళ్ళు మండలేదు. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నిచ్చెన గట్టిగా పట్టుకున్నాను, అంతే.

రేపు కూడా సరిగ్గానే చదువుతాను. ఎల్లుండి కూడా. ఎన్నాళ్ళు దిగొచ్చి చూసుకుంటుందో చూసుకోనీ.